ఫుట్‌బాల్ ఆడే పిల్లలు నిజంగా స్టూడెంట్సేనా? వాళ్ళకి ఇరవై ఏళ్ళుగా స్టాటిస్టిక్స్ చెబుతున్న మనిషిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు అమెరికాకి ఎమ్మెస్‌కి వచ్చి ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో ఇంట్రో స్టాటిస్టిక్స్‌కి టీఏగా, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా చేరారు. మీ సెక్షన్‌లో ముగ్గురు ఫుట్‌బాల్ ప్లేయర్లు ఉన్నారు. ఒకడు వెనక బెంచీలో నిద్రపోతాడు, ఒకడు మ్యాచ్ కోసం ఊరెళ్ళాలని ట్రావెల్ లెటర్ తెచ్చి మిడ్‌టర్మ్ పరీక్ష వాయిదా వెయ్యమంటాడు, మూడోవాడి కోసం అథ్లెటిక్స్ ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి "ఇతని గ్రేడ్ ఎలా ఉంది, ఏమైనా చెయ్యగలరా" అని అడిగారు. మన దగ్గర స్పోర్ట్స్ కోటాలో సీటొచ్చి, హాజరు లేకపోయినా గట్టెక్కిపోయేవాళ్ళు గుర్తొచ్చి, "అసలు వీళ్ళు చదువుకోడానికి వచ్చారా, ఆడటానికి వచ్చారా" అని అడిగారు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట: ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకి తెలిసిన కాలితో తన్నే ఆట కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్. పెద్ద యూనివర్సిటీల్లో అది చిన్న విషయం కాదు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా కూర్చోవచ్చు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్ళందరిలో ఎక్కువ జీతం గవర్నర్‌ది కాదు, స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌ది.

నేను 2003లో ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు మొదటి సెమిస్టర్‌లో టీఏ దొరకలేదు. ఫీజు కట్టాక చేతిలో మిగిలిన డబ్బు చూసుకుని నిద్ర పట్టేది కాదు. అథ్లెట్ల స్టడీ సెంటర్‌లో మ్యాథ్స్, స్టాట్స్ ట్యూటర్లు కావాలని నోటీసు చూసి వెళ్ళాను, గంటల లెక్కన జీతం. అక్కడ రెండేళ్ళు చేశాను. తర్వాత పీహెచ్‌డీ, ఆ తర్వాత మరో స్టేట్ యూనివర్సిటీలో లెక్చరర్‌గా అదే ఇంట్రో కోర్సు. ప్రతి ఫాల్ సెమిస్టర్‌లోనూ నా క్లాసులో కనీసం ఇద్దరు ముగ్గురు ఫుట్‌బాల్ పిల్లలు ఉంటారు. అందుకని ఈ ప్రశ్న వింటే నాకు కొన్ని ముఖాలు గుర్తొస్తాయి, కొంచెం కోపం కూడా వస్తుంది, మీ మీద కాదు.

సూటిగా చెప్తాను. వాళ్ళు స్టూడెంట్సే. అదే సమయంలో పనివాళ్ళు కూడా. ఆ రెండో సంగతిని యూనివర్సిటీలు డెబ్భై ఏళ్ళు ఒప్పుకోలేదు, అలా ఒప్పుకోకపోవడం వల్లే మొదటిది, అంటే చదువు, దెబ్బతింది.

మీరు టీఏ కాబట్టి మీకు తొందరగా అర్థమయ్యే పోలిక ఒకటి ఉంది. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదు కదా, దాటితే ఏమవుతుందో మనందరికీ టెన్షనే. ఆ ఫుట్‌బాల్ పిల్లాడికీ 20 గంటల రూలే ఉంది. కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 1991 నుంచి సీజన్‌లో రోజుకి 4, వారానికి 20 గంటలకి మించి ప్రాక్టీస్ పెట్టకూడదని నియమం పెట్టింది. కానీ ఆ గంటలు లెక్కపెట్టే పద్ధతి చూడండి. మ్యాచ్ రోజు మొత్తాన్ని 3 గంటలుగా రాసుకుంటారు. విమానం ఎక్కి వెళ్ళి రావడం లెక్కలోకి రాదు. మోకాలికి ఐస్ పెట్టించుకోవడం, ఫిజియోథెరపీ రావు. 'స్వచ్ఛందంగా' చేసే వెయిట్ ట్రైనింగ్ రాదు, దానికి వెళ్ళకపోతే శనివారం మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుందని ప్రతి పిల్లాడికీ తెలుసు. సొంతంగా వీడియోలు చూసుకోవడం అసలే రాదు. ఎన్‌సీఏఏ తన ఆటగాళ్ళనే సర్వే చేసి అడిగితే, పైస్థాయి ఫుట్‌బాల్ పిల్లలు సీజన్‌లో వారానికి 40 గంటలకి పైనే ఆటకి పోతోందని చెప్పారు. మీకు మీ 20 గంటలకి జీతం చీటీ వస్తుంది, ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది, మిమ్మల్ని ఉద్యోగి అంటారు. అతను దానికి రెట్టింపు చేస్తాడు, అతన్ని మాత్రం 'స్టూడెంట్-అథ్లెట్' అంటారు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా ఈ విషయం మాట్లాడకూడదని నా అభిప్రాయం. 1953లో కొలరాడో సుప్రీంకోర్టు, డెన్వర్ యూనివర్సిటీలో ఆడుతూ దెబ్బ తగిలిన నెమెత్ అనే ఆటగాడి కేసులో, క్యాంపస్‌లో అతనికి ఇచ్చిన పని ఫుట్‌బాల్ ఆడటంతో ముడిపడి ఉంది కాబట్టి అతను ఉద్యోగే, నష్టపరిహారం ఇవ్వాలి అంది. కాలేజీలు హడలిపోయాయి. 1955లో అదే రాష్ట్రంలో ఫోర్ట్ లూయిస్ కాలేజీకి ఆడుతున్న రే డెనిసన్ తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య, పనిలో చనిపోయినవాడి కుటుంబానికి వచ్చే పరిహారం అడిగింది. 1957లో కోర్టు ఇవ్వక్కర్లేదంది, కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చెయ్యడం లేదు కదా అని. ఆ రోజుల్లోనే ఎన్‌సీఏఏ అధిపతి వాల్టర్ బైయర్స్, ఆయన మనుషులు కలిసి ఈ స్టూడెంట్-అథ్లెట్ అనే మాటని తయారుచేసి అన్ని రూల్స్‌లోనూ ప్రకటనల్లోనూ పెట్టించారు. ఆటగాళ్ళని ఉద్యోగులని ఎవరైనా అంటారేమోనన్న భయంతోనే ఆ పని చేశామని 1995లో ఆయనే తన పుస్తకంలో రాశారు.

ఆ మాట ఎంత గట్టిగా పనిచేసిందంటే, 1974లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీకి ఆడుతూ అలబామాతో మ్యాచ్‌లో మెడ దెబ్బతిని పక్షవాతం వచ్చిన కెంట్ వాల్‌డ్రెప్ అనే కుర్రాడు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక, 2000లో టెక్సస్ అప్పీల్ కోర్టు 'నువ్వు ఉద్యోగివి కాదు' అనే చెప్పింది. ఇది చదివిన రోజు నేను క్లాసుకి వెళ్ళి, ముందు వరుసలో కూర్చున్న మా లైన్‌బ్యాకర్‌ని (డిఫెన్స్‌లో ఆడే కుర్రాడు) మామూలుగా చూడలేకపోయాను.

సరే, చదువు సంగతికి వస్తాను, మీరు అడిగింది అదే కాబట్టి.

"వీళ్ళకి బుర్ర లేదు" అనే మాట మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తేలిగ్గా అనేస్తారు. ట్యూటర్‌గా నా మొదటి నెలలో నేనూ లోపల అలాగే అనుకున్నాను, తప్పు తెలుసుకోడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక డిఫెన్స్ కుర్రాడు, మనిషి తలుపంత ఉంటాడు, కండిషనల్ ప్రాబబిలిటీ (ఒకటి జరిగిందని తెలిస్తే ఇంకోటి జరిగే అవకాశం ఎంత అన్నది) ఎంత చెప్పినా బుర్రకెక్కడం లేదని పుస్తకం మూసేశాడు. పొద్దున 5 గంటలకి వెయిట్స్, రెండు క్లాసులు, ప్రాక్టీస్, భోజనం అయ్యాక రాత్రి 8కి నా దగ్గరికి వచ్చాడు, మోకాలికి ఐస్ సంచి కట్టుకుని. నేను వేరే దారి తోచక, ఈ రోజు వీడియో రూమ్‌లో ఏం చూశారో చెప్పు అన్నాను. అంతే, మొదలుపెట్టాడు. మూడో డౌన్ (పది గజాలు ముందుకెళ్ళడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా ఏడు గజాలు కావాలి, అవతలి జట్టు ఇలా నిలబడితే పదిసార్లలో ఎనిమిదిసార్లు పాస్ వేస్తారు, అదే రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఒక అడుగు పక్కకి జరిగి నిలబడితే సగానికి సగం పరుగే అని. కాగితం మీద గీసి మరీ చూపించాడు. నువ్వు ఇప్పుడు చెప్పిందే కండిషనల్ ప్రాబబిలిటీ, 'ఇలా నిలబడితే' అన్నది నీ కండిషన్ అన్నాను. అరగంటలో ఆ చాప్టర్ అయిపోయింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ పాఠం నేను క్లాసు మొత్తానికి మూడో డౌన్‌తోనే చెబుతున్నాను.

ఆ పిల్లాడికి లేనిది బుర్ర కాదు, టైమూ ఒంట్లో ఓపికా.

ఇంకోటి, చాలామందికి తెలియనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: మేజర్, అంటే డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు, ఎవరు ఎంచుకుంటారు అన్నది. ఇంజినీరింగ్, నర్సింగ్, కెమిస్ట్రీ ల్యాబులు చాలా చోట్ల మధ్యాహ్నాలు ఉంటాయి, ప్రాక్టీస్ కూడా చాలా చోట్ల మధ్యాహ్నమే. రెండూ కుదరవు. దానికి తోడు ఎన్‌సీఏఏ రూల్ ఇలా ఉంటుంది: మూడో ఏడాది మొదలయ్యే సరికి ఎంచుకున్న డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తయి ఉండాలి, లేకపోతే ఆడనివ్వరు. వినడానికి మంచి రూలే, పిల్లలు చదవాలనే పెట్టారు. కానీ మామూలు స్టూడెంట్ రెండేళ్ళు చదివాక "నాకు ఇది కాదు, మెకానికల్ కావాలి" అని మారొచ్చు, ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, అంతే. ప్లేయర్ అలా మారితే కొత్త డిగ్రీలో అతని శాతం పడిపోతుంది, ఆడే అర్హత పోతుంది, దాని వెనకే ఆడినందుకు ఇచ్చే స్కాలర్‌షిప్ గురించి భయం మొదలవుతుంది. అందుకని అడ్వైజర్లు మొదటి రోజు నుంచే ఏ క్రెడిట్ అయినా సులువుగా సర్దుకునే మేజర్‌లోకి నడిపిస్తారు. ఒకే జట్టులో ఎక్కువమంది ఒకే డిపార్ట్‌మెంట్‌లో కనిపించడానికి కారణం ఇది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) కెయిన్ కోల్టర్ డాక్టర్ కావాలనుకున్నాడు, కెమిస్ట్రీ క్లాసు ఆటతో పొసగక వెనకబడ్డాడు, చివరికి సైకాలజీ చదివాడు. 2014లో ఆటగాళ్ళ యూనియన్ కోసం అతనే ముందుకొచ్చాడు. ఆ ఏడాది మార్చిలో, యూనియన్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ లేబర్ బోర్డు ప్రాంతీయ డైరెక్టర్, వీళ్ళు సీజన్‌లో వారానికి 40 నుంచి 50 గంటలు ఆటకి పెడుతున్నారు, కాబట్టి ఉద్యోగులే అని తీర్పు ఇచ్చాడు. 2015 ఆగస్టులో పై బోర్డు 'ఈ విషయంలో మేం తలదూర్చం' అని పక్కన పెట్టేసింది. నార్త్‌వెస్టర్న్ చదువులో పేరున్న స్కూలు. అక్కడే అలా ఉంటే మిగతా చోట్ల ఎలా ఉంటుందో చూసుకోండి.

నాకూ అలాంటి ఒక పిల్లాడు ఉన్నాడు. పేరు చెప్పను. నా క్లాసులో 'ఏ' గ్రేడ్ తెచ్చుకున్నాడు, సివిల్ ఇంజినీరింగ్ చెయ్యాలని ఉందన్నాడు, వాళ్ళ నాన్న రోడ్ల కాంట్రాక్టుల్లో కూలీ. తర్వాతి సెమిస్టర్‌లో కనిపిస్తే "అడ్వైజర్ వేరే మేజర్ అయితే మంచిదన్నారు" అన్నాడు తల దించుకుని. మూడో ఏడు భుజం పోయింది, ఆట ఆగిపోయింది. డిగ్రీ వచ్చింది, అది నిజం, ఎవరూ కాదనలేరు. కానీ అది అతను కోరుకున్న డిగ్రీ కాదు. ఇలాంటి పిల్లాడు గ్రాడ్యుయేషన్ లెక్కల్లో మాత్రం విజయంగానే కనిపిస్తాడు.

ఆ లెక్కల గురించి కూడా ఒక మాట. ఎన్‌సీఏఏ చెప్పే గ్రాడ్యుయేషన్ రేటు వేరు, ప్రభుత్వం లెక్కపెట్టేది వేరు. మంచి గ్రేడ్లతో కాలేజీ వదిలి వెళ్ళినవాళ్ళని ఎన్‌సీఏఏ ఆ కాలేజీ ఖాతాలోంచి తీసేస్తుంది, ప్రభుత్వం తియ్యదు. అందుకే ఎన్‌సీఏఏ అంకె ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది. రెండిటిలో ఏ అంకె చెబుతున్నారో అడగకుండా నమ్మకండి, స్టాట్స్ చెప్పేవాడిగా ఇది నా విన్నపం.

ఇక మోసాలు. ఉన్నాయి, దాచను. డెక్స్‌టర్ మాన్లీ అనే ఆటగాడు ఓక్లహోమా స్టేట్‌లో నాలుగేళ్ళు ఆడి, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్‌లో స్టార్ అయ్యాక, 1989లో సెనేట్ కమిటీ ముందు తనకి కాలేజీలో ఉన్నప్పుడు చదవడమే రాదని కన్నీళ్ళతో చెప్పాడు. నార్త్ కరోలినా యూనివర్సిటీ, చాపెల్ హిల్, మన పిల్లలు కూడా చాలామంది చదివే ఎంతో పేరున్న చోటు. అక్కడ 1993 నుంచి 2011 దాకా అసలు క్లాసే జరగని కోర్సులు నడిచాయి. ఒక పేపర్ రాసి ఇస్తే చాలు, డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఉద్యోగి మంచి గ్రేడ్ వేసేసేది. 2014లో వచ్చిన విచారణ నివేదిక ప్రకారం 3,100 మందికి పైగా ఆ కోర్సులు తీసుకున్నారు, అందులో సగానికి కాస్త తక్కువ మంది అథ్లెట్లు. దాని మీద ఎన్‌సీఏఏ 2017లో ఏమందో తెలుసా? మామూలు స్టూడెంట్స్ కూడా ఆ కోర్సులు తీసుకున్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా అథ్లెట్లకి చేసిన మేలు అనలేం, శిక్ష వెయ్యలేం అంది. ఇలాంటివి బయటపడినప్పుడు అందరూ పిల్లల్ని తిడతారు. ఆ కోర్సు పెట్టింది పద్దెనిమిదేళ్ళ పిల్లాడు కాదు. అందులో చేర్పించింది వాడు కాదు. చాలా క్యాంపస్‌లలో నల్లజాతి స్టూడెంట్స్ వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఉంటారు, ఫుట్‌బాల్ జట్టులో మాత్రం దాదాపు సగం వాళ్ళే. స్టేడియం నింపడానికి పనికొచ్చిన పిల్లలకి అసలు చదువు అందకుండా చేసినవాళ్ళు ఎవరో అది అడగాలి.

మరో వైపూ ఉంది. ఫ్లోరిడా స్టేట్‌లో ఆడిన మైరన్ రోల్ 2008 నవంబర్‌లో ఒక శనివారం అలబామాలో, ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి ఇచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్ళి, అది గెలుచుకుని, అక్కడి నుంచి విమానంలో మేరీలాండ్ వెళ్ళి అదే రాత్రి మ్యాచ్ ఆడాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, ఆ తర్వాత న్యూరోసర్జన్ అయ్యాడు. టెనెసీ క్వార్టర్‌బ్యాక్ జాషువా డాబ్స్ ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చేశాడు. ఒహాయో స్టేట్‌లో కార్డేల్ జోన్స్ అనే కుర్రాడు 2012లో, మేం ఫుట్‌బాల్ ఆడటానికొచ్చాం, క్లాసులెందుకని ట్విట్టర్‌లో రాసి దేశమంతా తిట్లు తిన్నాడు. అదే కుర్రాడు ఎన్‌ఎఫ్ఎల్‌కి వెళ్ళాక కూడా చదువు వదలకుండా 2017లో డిగ్రీ పుచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ళప్పుడు అన్న మాటతో మనిషిని కొలవకూడదని నేను అతని విషయంలోనే నేర్చుకున్నాను. ఇంకా, మీ సెక్షన్‌లో నిద్రపోయే కుర్రాడికి అసలు స్కాలర్‌షిప్ ఉందో లేదో కూడా మీకు తెలియదు. వాక్-ఆన్స్ అని, సొంతంగా ఫీజు కట్టుకుంటూ, మ్యాచ్‌లో నిమిషం కూడా ఆడకుండా అవే గంటలు కష్టపడేవాళ్ళు ప్రతి జట్టులోనూ ఉంటారు. కాలేజీలో ఆడేవాళ్ళలో ఎన్‌ఎఫ్ఎల్‌కి ఎంపికయ్యేది నూటికి ఇద్దరు కూడా కాదు. మిగతా అందరికీ ఆ డిగ్రీయే బతుకుతెరువు.

ఇప్పుడు డబ్బు వచ్చింది కదా, ఇక జాలి ఎందుకు అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, ఆ జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, ముఖం వాడుకునే ప్రకటనలకి డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో, ఆటగాళ్ళు తమకి రావాల్సిన డబ్బు కోసం ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీని జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించాక, పాతవాళ్ళకి దాదాపు 280 కోట్ల డాలర్ల బకాయిలు, ఇప్పటివాళ్ళకి ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది 2025-26లో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా ఇవ్వొచ్చు. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే. నేను దీన్ని మంచిదే అంటాను, రావాల్సిన డబ్బు వచ్చింది. కానీ ఉద్యోగి అనే పేరు ఇంకా ఇవ్వలేదు, అంటే దెబ్బ తగిలితే పనివాడికి వచ్చే రక్షణ ఇప్పటికీ లేదు. చదువు మాత్రం ఇంకా ఇరుకునపడింది. అర్హత పోకుండా ఎన్నిసార్లయినా కాలేజీ మారొచ్చు కాబట్టి నాలుగేళ్ళలో మూడు కాలేజీలు తిరిగిన పిల్లలు వస్తున్నారు, ప్రతిసారీ కొన్ని క్రెడిట్లు గాలికి పోతాయి. టీవీ డబ్బు కోసం 2024లో లాస్ ఏంజెలెస్ లోని యూసీఎల్ఏ, బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) చేరి దేశం అవతలి చివర న్యూజెర్సీ దాకా వెళ్ళి ఆడుతోంది, కాలిఫోర్నియాలోనే ఉన్న స్టాన్‌ఫర్డ్ ఏమో అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న కాన్ఫరెన్స్‌లో చేరింది. ఫుట్‌బాల్‌కి వారానికి ఒక్క మ్యాచే, చార్టర్ విమానం ఉంటుంది. ఆ ఒప్పందాల వల్ల వారం మధ్యలో దేశం ఆ చివరికి వెళ్ళి రావాల్సిన వాలీబాల్, సాఫ్ట్‌బాల్ అమ్మాయిల మీద నాకు ఇంకా ఎక్కువ దిగులు.

ఇక మీరు చెయ్యాల్సింది. ఆ ఫోన్ గురించి ముందు. గ్రేడ్ల గురించి ఫోన్‌లో ఎవరితోనూ మాట్లాడకండి, స్టూడెంట్ వివరాలు బయటికి చెప్పడం చట్టప్రకారం ఇబ్బంది. "దయచేసి కోర్సు ప్రొఫెసర్‌కి ఈమెయిల్ చెయ్యండి" అని మర్యాదగా చెప్పి, కాల్ వచ్చిందని మీరు కూడా ప్రొఫెసర్‌కి అదే రోజు రాసి పెట్టండి. చాలాసార్లు వాళ్ళు అడిగేది మామూలు ప్రోగ్రెస్ రిపోర్టే, తప్పేం లేదు. కానీ నాకు ఒకసారి అలాంటి కాల్ చివర్లో "అతను శనివారం ఆడకపోతే చాలామంది బాధపడతారు" అన్నారు. నేను అప్పుడు వీసా మీద ఉన్నాను, చేతులు వణికాయి. డిపార్ట్‌మెంట్ హెడ్‌కి రాశాను, ఆయన చూసుకున్నారు, మళ్ళీ కాల్ రాలేదు. ఫ్యాకల్టీ అథ్లెటిక్స్ రిప్రజెంటేటివ్ అని ఒక ప్రొఫెసర్ ప్రతి క్యాంపస్‌లో ఉంటారు, ఆ పేరు వెతికి పెట్టుకోండి.

అందరికీ ఇవ్వని మార్కు వాళ్ళకి ఇవ్వొద్దు. అది సాయం కాదు, చాపెల్ హిల్‌లో జరిగింది అదే. టైము మాత్రం సర్దండి. ట్రావెల్ లెటర్ తెచ్చిన అబ్బాయికి పరీక్ష వెళ్ళే ముందు పెట్టండి, వచ్చాక కాదు. రాత్రి 3 గంటలకి విమానం దిగినవాడికి పొద్దున పెడితే మీరు కొలిచేది వాడికి స్టాట్స్ ఎంత వచ్చో కాదు. మీ ఆఫీస్ అవర్స్ అన్నీ మధ్యాహ్నం 3 నుంచి 5 పెట్టి ఉంటే ఒకటి పొద్దునకి మార్చండి, పార్ట్ టైం పనులు చేసుకునే మిగతా పిల్లలకి కూడా అది కలిసొస్తుంది. ఆ నిద్రపోయే అబ్బాయిని క్లాసు అయ్యాక పక్కకి పిలిచి, ఈ రోజు ఎన్నింటికి లేచావు అని అడగండి. వాడు చెప్పే టైము విని, ఆ తర్వాత హోంవర్క్ గురించి మాట్లాడండి.